బర్మా మినుములు, బాలాపూర్ పిల్లలు

ఈసారి ఉత్తరం కృష్ణా తీరంలోని ఒక పట్టణం నుంచి వచ్చింది. రాసినావిడకు నలభై ఆరేళ్లు. పేరు, ఊరు బయటపెట్టొద్దన్నారు. చివర "ఒక పప్పుమిల్లు కోడలు" అని సంతకం చేశారు. ఎనిమిది పేజీల ఉత్తరం, అందులో రెండు పేజీలు లెక్కలే.

వాళ్లది మినపగుళ్లు తయారుచేసే మిల్లు. ఇరవై ఆరుమంది పనిచేస్తారు. మన మాగాణి మినుములు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మార్కెట్‌కు వస్తాయి. వాటితో ఏడాది పొడుగునా మిల్లు ఆడదు. అందుకని వాళ్లు కొనే సరుకులో సగానికి పైగా బర్మాదే. అందులో ఎక్కువ భాగం చెన్నై దిగుమతిదారుల దగ్గర బ్రోకర్ ద్వారా కొంటారు. ఏడాదికి ఏడెనిమిది కంటైనర్లు మాత్రం నేరుగా రంగూన్ నుంచి తెప్పిస్తారు. అక్కడి నుంచి పంపే పెద్దాయన ఈవిడ మావగారికి చిన్ననాటి స్నేహితుడు. మావగారు 1964లో, ఆరేళ్ల వయసులో, అమ్మానాన్నలతో ఓడెక్కి విశాఖ రేవులో దిగారు. స్నేహితుడి కుటుంబం అక్కడే ఉండిపోయింది.

ఈవిడ కూతురు హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. ఆదివారాలు స్నేహితులతో కలిసి బాలాపూర్ వెళ్లి, బర్మా నుంచి పారిపోయి వచ్చి అక్కడ గుడిసెల్లో ఉంటున్న రోహింగ్యా ముస్లిం కుటుంబాల పిల్లలకు లెక్కలు, తెలుగు చెబుతోంది. వాళ్లలో పదకొండేళ్ల పాప ఒకతె ఈ అమ్మాయికి బాగా దగ్గరైంది. ఆ పాప నాయనమ్మ ఇంకా బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ క్యాంపులోనే ఉంది. సంక్రాంతికి ఇంటికొచ్చిన అమ్మాయి ఏదో పనిమీద గోడౌన్‌లోకి వెళ్లి, మినుముల బస్తాల మీద బర్మా ఇప్పటి పేరు, మయన్మార్, చూసింది. చిన్నప్పటి నుంచీ ఆ బస్తాల మీద ఎక్కి ఆడుకున్నదే, కానీ ఆ పేరు చదవడం అదే మొదటిసారి. ఆ రాత్రి భోజనాల దగ్గర అడిగింది: "వాళ్ల ఊళ్లు తగలబెట్టిన సైన్యానికి మనం డబ్బు పంపుతున్నామా?"

భర్త, "రాజకీయాలు మనకెందుకు? మనం మానేస్తే పక్క మిల్లువాడు కొంటాడు" అన్నారు. మావగారు, "బర్మా మనకు అన్నం పెట్టిన దేశం, దాన్ని తిడితే ఊరుకోను" అని కంచం ముందు నుంచి లేచిపోయారు. అమ్మాయి మర్నాడే హైదరాబాద్ వెళ్లిపోయింది. ఇప్పుడు ట్యూషన్లు చెబుతోంది. ఈ సెమిస్టర్ ఫీజు తానే కట్టుకుంటానని, మిల్లు డబ్బు వద్దని మెసేజ్ పెట్టింది. ఈలోపు కడుతున్న కొత్త ఇంటికి బర్మా టేకు సింహద్వారం చేయించాలని భర్త అడ్వాన్స్ ఇచ్చారు. ఈవిడ ఇలా ముగించారు: "మిల్లు లెక్కలు ఇరవై ఏళ్లుగా నేనే రాస్తున్నాను. ఈ లెక్క మాత్రం ఎలా రాయాలో తెలియడం లేదు. కొనడం మానేయాలా? కొంటూ ఉంటే నా కూతురు ముఖం ఎలా చూడాలి?"

అమ్మా, మీ ఉత్తరం నేను మూడుసార్లు చదివాను. లెక్కల పేజీలు ఇంకోసారి చూశాను. మీ ఇంట్లో ముగ్గురూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారని నాకు అనిపించింది. మీ అమ్మాయి అడిగేది సైన్యం గురించి. మావగారు చెప్పేది ఆ దేశం గురించి, అక్కడి మనుషుల గురించి. మీ వారు మాట్లాడేది మార్కెట్ గురించి. ముగ్గురి మాటలోనూ నిజం ఉంది. భోజనాల దగ్గర అవన్నీ ఒకే మాటలా కలిసిపోయాయి కాబట్టే గొడవైంది. మీరు లెక్కలు రాసే మనిషి కాబట్టి లెక్కతోనే మొదలుపెడదాం. మీరు పంపే డబ్బు ఎవరెవరి చేతికి వెళుతోంది?

ముందు మావగారి మాట. ఆయన కుటుంబాన్ని అక్కడి నుంచి పంపేసింది ఎవరో ఒకసారి గుర్తుచేసుకోండి. మన కోరంగి రేవు నుంచి, గోదావరి, విశాఖ, శ్రీకాకుళం ఊళ్ల నుంచి రంగూన్ వెళ్లి, ఓడరేవులో, బియ్యం మిల్లుల్లో చెమటోడ్చిన తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లకూ అక్కడి కూలీలకూ మధ్య 1930లో రేవు పనుల గొడవ పెరిగి పెద్ద అల్లర్లయ్యాయి. 1942లో జపాన్ సేనలు వస్తుంటే వేలమంది కాలినడకన కొండలు దాటి వచ్చారు, దారిలోనే చాలామంది పోయారు. ఇవన్నీ జరిగినా చాలా కుటుంబాలు అక్కడే ఉండిపోయాయి. వాళ్లకు చివరి దెబ్బ 1962లో తగిలింది. జనరల్ నే విన్ సైన్యంతో అధికారం లాక్కుని, దుకాణాలు, మిల్లులు జాతీయం చేశాడు. 1964లో పెద్ద నోట్లు రద్దు చేశాడు. భారత సంతతి వాళ్లు లక్షల్లో దాదాపు కట్టుబట్టలతో ఓడలెక్కారు. విశాఖ కంచరపాలెంలోని బర్మా క్యాంప్ పేరు అలా వచ్చిందే. ఆరేళ్ల మీ మావగారిని ఓడెక్కించిన వ్యవస్థ, 2017లో ఆ పాప నాయనమ్మను నది దాటించి బంగ్లాదేశ్ పంపిన వ్యవస్థ ఒక్కటే. ఆయన ప్రేమించే బర్మా, మీ అమ్మాయి కోపగించుకునే బర్మా రెండూ ఒకటి కావు. ఈ మాట ఆయనకు మీరు కాకుండా మనవరాలే చెబితే బాగుంటుంది. ఎందుకో తర్వాత చెబుతాను.

ఇక మినుములు. బర్మాలో మినుము ఎక్కువగా దిగువ ప్రాంతంలో పండుతుంది, ఐరావతి డెల్టాలో, బగో చుట్టూ. మన కృష్ణా డెల్టాలో లాగే వరి కోసిన మాగాణుల్లో, మిగిలిన తేమ మీద వేస్తారు. పండించేది చిన్న రైతులే. అక్కడివాళ్లు మినుములు పెద్దగా తినరు. మన ఇడ్లీ, గారెల కోసమే పండిస్తారనాలి. అంటే మీరు కట్టే ధరలో పెద్ద భాగం రైతుకు, కూలీలకు, బస్తాలు కొనే ఊరి వ్యాపారికి, లారీకి, ఎగుమతిదారుకు వెళుతుంది. సైన్యానికి అది నేరుగా ఆదాయం కాదు.

కానీ సైన్యానికి ఏమీ వెళ్లదని నేను మీకు చెప్పలేను. 2021 ఫిబ్రవరి 1న ఎన్నికైన ప్రభుత్వాన్ని కూలదోసి, ఆంగ్ సాన్ సూచీని నిర్బంధించిన తర్వాత సైన్యానికి డాలర్ల కరువొచ్చింది. 2022 ఏప్రిల్‌లో అక్కడి కేంద్ర బ్యాంకు, ఎగుమతిదారులు తమకు వచ్చిన విదేశీ సొమ్మును అధికారిక రేటుకు మార్చుకోవాల్సిందేనని ఆదేశించింది. ఆ ఆగస్టులో డాలరుకు అక్కడి కరెన్సీలో 2,100 చాట్‌ల రేటు పెట్టి, వచ్చిన డాలర్లలో 65 శాతం ఆ రేటుకే ఇచ్చేయాలన్నారు. తర్వాత ఆ వాటా తగ్గిస్తూ వచ్చారు. బయటి మార్కెట్లో మాత్రం డాలరు 2024లో నాలుగు వేల చాట్‌లు దాటిపోయింది. ఈ తేడా అంతా ఎక్కడికి వెళ్లిందో మీకు వేరే చెప్పక్కర్లేదు. ఎగుమతిదారు తన నష్టాన్ని రైతుకు ఇచ్చే ధరలో కోసుకుంటాడు. అధికారంలో ఉన్నవాళ్లకు చవకగా డాలర్లు దొరుకుతాయి. ఆ డాలర్లతో వాళ్లు ఏం కొంటారో 2023 ఏప్రిల్ 11న సగాయింగ్ ప్రాంతంలోని పాజిగ్యీ ఊళ్లో కనిపించింది. ఊరివాళ్లు ఒక కార్యాలయం ప్రారంభానికి చేరినచోట విమానం నుంచి బాంబులు వేశారు. వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలున్నారు.

కాబట్టి మీ అమ్మాయి ప్రశ్నకు నిజాయితీగా జవాబు ఇది: "అవును, కొంత వెళుతోంది. ఎక్కువ భాగం మాత్రం మామూలు మనుషులకు వెళుతోంది." ఈ రెండు వాక్యాల్లో ఏ ఒక్కదాన్నీ దాచకుండా చెప్పండి. పిల్లలకు కోపం తెప్పించేది చాలాసార్లు మనం చేసే పనికంటే, దాని గురించి మనం నోరు మెదపకపోవడం.

ఇంకో సంగతి. 2017 ఆగస్టులో రెండు విషయాలు జరిగాయి. 25 తర్వాత రఖైన్ రాష్ట్రంలో సైన్యం రోహింగ్యా ఊళ్ల మీద పడింది. ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోయారు. అదే నెలలో, దానికి కొద్దిరోజుల ముందు, మన ప్రభుత్వం కందులు, మినుములు, పెసల దిగుమతి మీద కోటా పెట్టింది. మానవ హక్కుల కోసం చేసిన పని కాదది. మన దగ్గర పంట ఎక్కువై ధర పడిపోయింది, మన రైతు కోసం చేశారు. కానీ ఫలితం గమనించండి. బర్మాలో మినుముల ధర కుప్పకూలింది. దెబ్బతిన్నది అక్కడి మాగాణి రైతులు, ఊరి వ్యాపారులు. సైన్యం మాత్రం ఆ రోజుల్లో చేయదలచుకున్నది చేసింది. మనం మినుములు కొనడం పూర్తిగా ఆపేస్తే ఎవరికి నొప్పి కలుగుతుందో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు తెలియదు. 2003లో అమెరికా బర్మా సరుకుల దిగుమతి నిషేధించినప్పుడు కూడా రోడ్డున పడింది వేలమంది బట్టల ఫ్యాక్టరీ అమ్మాయిలే.

అలాగని నిషేధాలన్నీ వ్యర్థమని నేననను. 1946లో, మనకు ఇంకా స్వాతంత్ర్యం కూడా రాకముందు, దక్షిణాఫ్రికాలో భారతీయుల మీద వివక్షకు నిరసనగా మన దేశం ఆ దేశంతో వ్యాపారం ఆపేసింది. అందరికంటే ముందు ఆ పని చేసింది మనమే. తర్వాత 1959లో ఆల్బర్ట్ లుతూలీ లాంటి అక్కడి నల్లజాతి నాయకులే మా దేశపు సరుకు కొనొద్దని ప్రపంచాన్ని అడిగారు. దానివల్ల తమవాళ్లకు కష్టమొస్తుందని తెలిసే అడిగారు. నాకు ముఖ్యంగా తోచేది ఇదే. నొప్పి పడాల్సినవాళ్లు ఏం అడుగుతున్నారు? బర్మాలో సైన్యాన్ని ఎదిరిస్తున్న సంఘాలు ఆపమని గట్టిగా అడుగుతున్నవి గ్యాస్ డబ్బు, విమాన ఇంధనం, ఆయుధాలు, రత్నాలు, కలప, సైన్యం సొంత కంపెనీలు, బ్యాంకులు. రైతు పండించే పప్పులు ఆ ముందు వరసలో లేవు.

అందుకే మీ సింహద్వారం విషయంలో నాకు సందేహమే లేదు. మీ మినుములకూ ఆ టేకుకూ పోలికే లేదు. అక్కడ చట్టబద్ధంగా కలప అమ్మేది మయన్మార్ టింబర్ ఎంటర్‌ప్రైజ్ అనే ప్రభుత్వ సంస్థ. 2021లోనే అమెరికా, యూరోపియన్ యూనియన్ దాని మీద ఆంక్షలు పెట్టాయి. మధ్యలో రైతు లేడు, డబ్బు నేరుగా ఖజానాకు చేరుతుంది, ఖజానా తాళం సైన్యం దగ్గరుంది. అడ్వాన్స్ పోతే పోనివ్వండి. మన ఊళ్లలో పాత మేడలు పడగొట్టినప్పుడు వచ్చే తలుపులు, ద్వారబంధాలు కొనుక్కోవచ్చు. వాటిలో చాలావరకు ఎనభై తొంభై ఏళ్ల కిందటి బర్మా టేకే, వడ్రంగి చిత్రిక పడితే కొత్తదానికంటే బాగుంటుంది. లేదా మన టేకో, మద్దో వేయించుకోండి. ఇంట్లో అందరూ తిరిగే గుమ్మం అది. మీ అమ్మాయి ప్రతిసారీ దాన్ని దాటి లోపలికి రావాలి.

ఇప్పుడు మీ వారి మాట. మనం మానేస్తే పక్కవాడు కొంటాడు. మినుముల్లో ఇది అక్షరాలా నిజం, ఆయన్ని తప్పుపట్టకండి. మీరు వదిలిన ఏడెనిమిది కంటైనర్లు చెన్నైలో వారంలో అమ్ముడైపోతాయి. కానీ ఆ మాటను చివరిదాకా తీసుకెళ్లి చూడమనండి. పక్కవాడు కొంటాడు కాబట్టి మీరు మానడం వల్ల లోకానికి తేడా లేదంటే, మీరు కొనడం వల్ల కూడా ఆ రైతుకు ప్రత్యేకంగా ఒరిగేది లేదు. అప్పుడు మీరు ఈ వ్యాపారంలో ఉండటానికి విలువ ఎప్పుడొస్తుంది? పక్కవాడు చేయని పని ఏదైనా మీరు చేసినప్పుడే వస్తుంది. నా సలహా అంతా ఇక్కడే ఉంది. అలాంటివి ఏం చేయొచ్చో చూద్దాం.

నేరుగా తెప్పించే కంటైనర్ల విషయంలో మీ చేతిలో పట్టుంది. సరుకు పంపే పెద్దాయన ఏ బ్యాంకు ద్వారా డబ్బు తీసుకుంటున్నాడు? మ్యావడీ బ్యాంకు, ఇన్వా బ్యాంకు సైన్యం కంపెనీలవి. ఆ కంపెనీలు రెండు, పొట్టి పేర్లు ఎంఈహెచ్‌ఎల్, ఎంఈసీ. వీటితో సంబంధాలు తెంచుకోవాలని ఐక్యరాజ్యసమితి నిజనిర్ధారణ బృందం 2019లోనే చెప్పింది. 2021 మార్చిలో అమెరికా రెండింటి మీదా ఆంక్షలు వేసింది. 2023 జూన్‌లో అక్కడి రెండు ప్రభుత్వ విదేశీ వాణిజ్య బ్యాంకుల మీద కూడా వేసింది. డాలర్లలో చెల్లిస్తూ వీటిలో ఏదైనా తగిలితే మీ డబ్బే మధ్యలో ఆగిపోవచ్చు. ఈ మాట మీ వారికి ముందు చెప్పండి, శ్రద్ధగా వింటారు. 2024 జనవరి నుంచి పప్పుల వ్యాపారానికి పంజాబ్ నేషనల్ బ్యాంకు ద్వారా రూపాయల్లో చెల్లించే పద్ధతి మొదలైంది. మీ బ్యాంకు మేనేజర్‌ను అడిగి ఆ దారి మీకు కుదురుతుందేమో కనుక్కోండి. రూపాయల్లో చెల్లిస్తే కనీసం మీ చేతి నుంచి డాలర్లు వెళ్లవు. ఆ రూపాయలు అక్కడ ఎలా మారకం అవుతాయన్నది మళ్లీ వాళ్ల కేంద్ర బ్యాంకు చేతిలోనే ఉంటుంది. ఇది పూర్తి పరిష్కారం అనుకోకండి. కంటైనర్ ఏ రేవు టెర్మినల్ నుంచి ఎక్కుతోందో కూడా చూడండి. ఎంఈసీ భూమిని లీజుకు తీసుకుని రంగూన్‌లో టెర్మినల్ కట్టిన అదానీ పోర్ట్స్ విమర్శలు వచ్చాక 2021 అక్టోబర్‌లో వెళ్లిపోతామని ప్రకటించి, 2023లో దాన్ని 3 కోట్ల డాలర్లకు అమ్మేసింది. పెట్టింది దానికంటే చాలా ఎక్కువ. అంత పెద్ద సంస్థే రేవు ఎవరిదన్న ప్రశ్నను తప్పించుకోలేకపోయింది.

చెన్నైలో కొనే సరుకులో మీకు ఇంత పట్టు ఉండదు. బ్రోకర్‌కు ఎఫ్‌ఏక్యూనా ఎస్‌క్యూనా, అంటే మామూలు రకమా మేలు రకమా, ధర ఎంత, ఇదే తెలుసు. అయినా అడగండి. ఒక్క మిల్లు అడిగితే నవ్వుతారు. మీ పట్టణంలో ఎన్ని మిల్లులున్నాయో మీకు తెలుసు, మీ అసోసియేషన్ మీటింగ్‌లో ఈ విషయం పెట్టొచ్చు. సమాధానం చెప్పలేని సరుకు వాటాను మెల్లగా తగ్గించుకుంటూ రావడం ఇంకో దారి. అందుకు రెండు వైపులు చూడాలి. బ్రెజిల్ నుంచి మినుములు రావడం మొదలైంది, గుళ్లకు ఎలా పనికొస్తాయో ఒక లాట్ ఆడించి చూడండి. రెండోది మన మాగాణి మినుము. పల్లాకు తెగులు వచ్చిన ఏడు దిగుబడి పడిపోతుంది, ధర తెలియక రైతు వేరే పంటకు పోతాడు. విత్తనం ముందే ఇచ్చి, కోతకు ముందే ధర ఖాయం చేసి, పదిమంది రైతులతో మీ మిల్లు ఒప్పందం పెట్టుకుంటే ఏడాదికి ఒక నెల సరుకైనా ఊళ్లోనే దొరుకుతుంది. 2025-26కు మినుముల మద్దతు ధర క్వింటాకు రూ.7,800. దానికి తగ్గకుండా కొనాలంటే మీ మార్జిన్ తగ్గుతుంది, నిజమే. మీరు పంపిన లెక్కల ప్రకారం ఈ వాటాను పావు వంతు దాకా పెంచినా పనివాళ్లెవరినీ తీసేయక్కర్లేదని నాకనిపించింది. కొత్త ఇంటి మీద అనుకున్న ఖర్చు మాత్రం తగ్గించుకోవాల్సి వస్తుంది.

ఇక పూర్తిగా మానేయడం. అది కూడా గౌరవించదగ్గ దారే. మనసుకు తట్టుకోలేని పని చేయమని మిమ్మల్ని ఎవరూ బలవంతపెట్టకూడదు. కానీ మానేసేటప్పుడు ఎలా మానేస్తున్నామన్నది చూసుకోవాలి. నార్వే టెలికాం సంస్థ టెలినార్ 2021 సైనిక తిరుగుబాటు తర్వాత బర్మా వదిలేసింది. 2022 మార్చిలో దాని వ్యాపారం చేతులు మారి, సైన్యంతో సంబంధాలున్న స్థానిక కంపెనీకి అందులో పెద్ద వాటా దక్కింది. లక్షలమంది ఫోన్ వివరాలు ఎవరి చేతిలో పడ్డాయోనని అక్కడివాళ్లు వణికిపోయారు. అదే ఏడు ఫ్రెంచి చమురు కంపెనీ టోటల్ యాడానా గ్యాస్ క్షేత్రం నుంచి తప్పుకుంది. దాని వాటా మిగిలిన భాగస్వాములకు పోయింది, వాళ్లలో సైన్యం చేతిలో ఉన్న ప్రభుత్వ గ్యాస్ సంస్థ కూడా ఉంది. టోటల్ తప్పుకోవడం తప్పు అని నేననను, హక్కుల సంఘాలే దాన్ని స్వాగతించాయి. కాని ఖాళీ చేసిన కుర్చీ ఎవరికి దక్కిందో చూడండి. మీ విషయంలో ఆ రంగూన్ పెద్దాయనకు ఒకేసారి ఆర్డర్లు ఆపేస్తే ఆయన ఎవరికి అమ్ముకోవాలి? ఆయన తమ్ముడి కొడుకు సైన్యంలో చేర్చుకుంటారనే భయంతో థాయ్‌లాండ్ సరిహద్దుకు పారిపోయాడని మీరే రాశారు. 2024 ఫిబ్రవరిలో నిర్బంధ సైనిక సేవ చట్టం అమలులోకి తెచ్చాక అలా పోయిన కుర్రాళ్లు ఎందరో. ఆ కుటుంబం కూడా ఆ సైన్యం బాధితులే. మానాలనుకుంటే ఒక ఏడాది ముందు చెప్పి, మెల్లగా తగ్గించండి.

నన్నే అడిగితే మీ స్థానంలో నేనైతే మినుములు మానను. నేరుగా వచ్చే కంటైనర్లు ఉంచుకుంటాను, డబ్బు వెళ్లే దారి సరిచూసుకుంటాను, చెన్నై సరుకు రెండేళ్లలో సగానికి తగ్గించి ఊళ్లో రైతు దగ్గర కొంటాను, టేకు మాత్రం ఇంట్లోకి రానివ్వను. ఇది నా అభిప్రాయమే. మీరు వేరేలా అనుకుంటే దాన్ని నేను తప్పనను. ఒక్కటి మాత్రం చెప్పాలి. ఇన్నాళ్లలాగే కళ్లు మూసుకుని కొనడమన్న దారి మీకు ఇక లేదు. మీ అమ్మాయి అడిగేసింది.

మీ అమ్మాయి గురించి. ఫీజు తానే కట్టుకుంటానంటే కట్టుకోనివ్వండి. బతిమాలి డబ్బు పంపకండి, "మేం నిన్ను ఇంతదాన్ని చేశాం" అని అనకండి. ఆ అమ్మాయి మిమ్మల్ని వదిలేయలేదు, తను చేయగలిగిన పని వెతుక్కుంది. అయితే దాన్ని ఇంటికి పిలిచి ఈ రెండు పేజీల లెక్కలు దాని ముందు పెట్టండి. ఎవరికి ఎంత జీతమో, బస్తాకు ఎంత మిగులుతుందో చూడనివ్వండి. బ్యాంకుల పేర్లు, టెర్మినల్ పేర్లు వెతికే పని దానికే అప్పగించండి. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్న పిల్లకు అది కష్టం కాదు. కోపానికి ఒక పని దొరికితే ఇంట్లో మాట్లాడుకోవడం సులువవుతుంది.

మన ప్రభుత్వం గురించి కూడా ఆ అమ్మాయి అడుగుతుంది, సిద్ధంగా ఉండండి. ఐక్యరాజ్యసమితి ప్రత్యేక ప్రతినిధి టామ్ ఆండ్రూస్ 2023 మేలో ఒక నివేదిక ఇచ్చారు. తిరుగుబాటు తర్వాత ఆ సైన్యానికి కనీసం 100 కోట్ల డాలర్ల ఆయుధాలు, విడిభాగాలు, ముడిసరుకు చేరాయని అందులో ఉంది. రష్యా నుంచి 40.6 కోట్లు, చైనా నుంచి 26.7 కోట్లు, సింగపూర్ నుంచి 25.4 కోట్లు, భారత్ నుంచి 5.1 కోట్లు. ఆ 5.1 కోట్ల డాలర్ల గురించి మీ ఎంపీని అడిగే హక్కు మీకుంది. మీ మినుముల కంటే ఆ సరుకు ఆ పాప కుటుంబానికి ఎక్కువ దగ్గర. ఆ ఉత్తరం మీ అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద వెళితే చదువుతారు.

చివరగా మావగారు. రోహింగ్యాల మాట ఎత్తితే ఆయన కంచం ముందు నుంచి లేచిపోయారని రాశారు. ఆరేళ్ల పిల్లాడు ఓడ ఎక్కిన రోజు ఏం పట్టుకున్నాడో, ఏం వదిలేశాడో మనవరాలు ఎప్పుడైనా అడిగిందా? మీ ఉత్తరంలో ఆ మాట లేదు. బాలాపూర్ పాప కథ వినే ఓపిక ఉన్న అమ్మాయికి సొంత తాత కథ వినే తీరిక దొరకాలి. అది విన్న తర్వాత, ఆయన్ని ఓడ ఎక్కించింది ఎవరో తను చెబితే ఆయన వింటారనే నా నమ్మకం. మీరు చెబితే కోడలు ఎదురుచెప్పినట్టు ఉంటుంది.

మావగారికి బర్మీస్ ఇంకా కొద్దిగా వచ్చని రాశారు. వచ్చే కంటైనర్ మాట్లాడేటప్పుడు ఆయన్నీ, అమ్మాయినీ పక్కన కూర్చోబెట్టుకుని రంగూన్‌కు ఫోన్ చేయండి. ఏ బ్యాంకు, ఏ టెర్మినల్, ఈ రెండే అడగండి. సైన్యం మాట, తమ్ముడి కొడుకు మాట ఫోన్లో ఎత్తకండి, మెసేజ్‌లో కూడా రాయకండి. అక్కడ ఫోన్లు ఎవరు వింటున్నారో ఆ పెద్దాయనకు మనకంటే బాగా తెలుసు. ఆ ఇంట్లో అందరూ ఎలా ఉన్నారని మావగారిని వాళ్ల భాషలో అడగమనండి. బ్యాంకు, టెర్మినల్ పేర్లు తెలిశాక నాకు ఇంకో ఉత్తరం రాయండి.